పాత కారు స్లోలో వణికి ఆగిపోతుంటే

మన సభ్య సంఘాలలో కొన్నింటి షెడ్లలో ఇప్పటికీ పాత పెట్రోలు కార్లు కనిపిస్తాయి. ఒకచోట అంబాసిడర్, ఒకచోట ప్రీమియర్ పద్మిని, ఇంకొకచోట కార్బురేటరు ఉన్న రోజులనాటి మారుతి 800. పశువైద్యులు ఊళ్లకు వెళ్లడానికి, ఎదసూదులకు కావలసిన వీర్యం మోతాదులను ద్రవ నత్రజని డబ్బాలో తీసుకుపోవడానికి, పాల నమూనాల పెట్టెలు చేర్చడానికి ఆ సంఘాలకు ఈ బండ్లే ఆధారం. కొత్త బండి కొనే స్తోమత లేని సంఘం పాతదానితో నెట్టుకురావడంలో తప్పేమీ లేదు. ఆగకూడని చోట అది ఆగడమే చిక్కు.

ఈ బండ్ల గురించి కార్యదర్శులు మాతో చెప్పే బాధ దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది. "స్టార్టవుతుంది. రేసు ఇస్తే బాగానే పోతుంది. కాలు తీస్తే వణుకుతుంది, ఆగిపోతుంది." మెకానిక్కులు దీనినే 'స్లో నిలవడం లేదు' అంటారు. దీనికి కారణాలు డజను దాకా ఉంటాయి. వాటిని ఒక వరుసలో వెతికితే ఒక పూటలో దొరుకుతుంది. వరుస లేకుండా సామాను మారుస్తూ పోతే సంఘం డబ్బు హరించుకుపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. కోరుకొండ దగ్గరి ఒక సంఘం అంబాసిడర్‌తో మాకు ఎదురైన అనుభవాన్ని ఆధారం చేసుకొని ఆ వరుసను ఇక్కడ వివరిస్తున్నాము. ఆ అనుభవంలో మా పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానిని కూడా రాస్తున్నాము.

స్లోలోనే ఎందుకు?

ముందుగా ఇది అర్థం కావాలి. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినప్పుడు కార్బురేటరులోని రేకు తలుపు దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. గాలి వెంట్రుకవాసి సందులోంచి పోతుంది. పెట్రోలు సూదిమొన అంత రంధ్రం గుండా వస్తుంది. ఇంజను తన ప్రాణం నిలుపుకోవడానికి ఎంత కావాలో అంతే తీసుకుంటుంది, మిగులు ఏమీ ఉండదు. వేగంగా పోతున్నప్పుడు గాలీ పెట్రోలూ వరదగా వస్తాయి. అప్పుడు చిన్న లోపం తెలియదు. పెద్ద కాలువకు ఎలుక బొరియ పడితే ఎవరికీ తెలియదు. అదే బొరియ చేలోకి పోయే బోదెకు పడితే ఆ పూట నీరు మడికి చేరదు. కారు స్లోలో ఉన్నప్పుడు అది బోదె.

స్లో నిలవడానికి మూడే కావాలి. గాలి, పెట్రోలు తగిన పాళ్లలో కలవాలి. నాలుగు ప్లగ్గులకూ సరైన సమయానికి నిప్పురవ్వ అందాలి. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ దాదాపు సమానంగా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా వేగంలో మామూలుగా ఉన్న ఇంజను స్లోలో గొణుగుతుంది.

స్క్రూ తిప్పి దాచడం

కోరుకొండ సంఘం బండి 1986 నాటి 1489 సి.సి. పెట్రోలు అంబాసిడర్. 2025 వర్షాకాలంలో దానికి ఈ జబ్బు పట్టింది. బస్టాండు దగ్గర జనం అడ్డొస్తే చాలు, బండి ఆగిపోయేది. స్పీడ్ బ్రేకరు దగ్గర డ్రైవరు ఒక కాలు బ్రేకు మీద, అదే పాదం మడమ యాక్సిలరేటరు మీద పెట్టి నడిపేవాడు. సర్కస్ చేసినట్టే ఉండేది.

మొదట చూసిన మెకానిక్కు స్లో స్క్రూ బిగించి స్పీడు పెంచాడు. నాలుగు రోజులు ఆగకుండా నడిచింది. ఇలా చేయడం మన వాళ్లకు బాగా తెలిసిన ఒక మోసం లాంటిదే. పాలలో వెన్న తీస్తే లాక్టోమీటరు రీడింగు పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది. రెండూ ఒక అంచనాతో చేస్తే రీడింగు సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, పాలు మాత్రం చెడ్డవే. అందుకే మనం లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్మం, వెన్న శాతం కూడా చూస్తాం. స్లో స్క్రూ బిగించడం కూడా ఒక తప్పును ఇంకొక తప్పుతో సరిదిద్దడమే. మెకానిక్కు మోసగాడని కాదు, గిరాకీ దారులు అడిగేది కూడా "ఇప్పటికి నడిపించు" అనే కదా.

ఆ తరువాత ప్లగ్గులు మార్చారు. తరువాత కాయిలు. చివరికి కొత్త కార్బురేటరు. మూడు నెలల్లో సంఘం బండి ఖాతా నిండిపోయింది. కమిటీ సమావేశంలో బండిని పాత ఇనుముకు అమ్మేయాలన్న మాట కూడా వచ్చింది. అప్పుడు మాకు కబురు చేశారు.

మేము చేసినది

మేము వెళ్లేసరికి బండి చెట్టు కింద ఉంది. ముందుగా ఏమీ విప్పలేదు. ఇంజనును వేడెక్కనిచ్చి చోకు బటన్ను ఒక అంగుళం లాగాము. వణుకు సగానికి పైగా తగ్గింది.

ఈ పరీక్షకు ఖర్చు లేదు, పానా కూడా అక్కరలేదు. చోకు లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. వేడెక్కిన ఇంజను చోకుతో తేరుకుందంటే దానికి పెట్రోలు తక్కువగానో, గాలి ఎక్కువగానో అందుతోందన్న మాట. అంటే స్లో జెట్టు మూసుకుపోయి ఉండాలి, లేదా ఎక్కడో దొంగదారిన గాలి లాగుతూ ఉండాలి. చోకు లాగగానే నల్ల పొగ వచ్చి ఇంకా ముక్కితే మిశ్రమం ముందే చిక్కగా ఉన్నట్టు. అప్పుడు ఫ్లోటులో రంధ్రం పడి మునిగిందా, నీడిల్ వాల్వు కారుతోందా, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడిపోయిందా అని చూడాలి. చోకుతో మంచికీ చెడ్డకీ ఏ మార్పూ లేకపోతే నిప్పురవ్వ వైపో, కంప్రెషన్ వైపో పోవాలి.

రెండవది, నాలుగు సిలిండర్లలో ఏది పని చేయడం లేదో తెలుసుకోవడం. ఇంజను స్లోలో ఉండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా పీకి వెంటనే మళ్లీ పెట్టాలి. పని చేస్తున్న సిలిండరు వైరు తీస్తే ఇంజను దిగులుగా పడిపోతుంది. పని చేయని దాని వైరు తీసినా ఇంజనుకు తేడా తెలియదు. చేతికి రబ్బరు తొడుగు, కాలికి ఎండు చెప్పులు తప్పనిసరి. ఈ షాకు ప్రాణం తీయకపోయినా, ఉలిక్కిపడిన చేయి ఫ్యాను రెక్కలో పడవచ్చు. పాయింట్లు ఉన్న పాత బండ్లకే ఈ పద్ధతి. 2000 ప్రాంతం నుంచి వచ్చిన ఇంజెక్షను కార్లలో వైర్లు ఇలా పీకవద్దు. వాటి ఎలక్ట్రానిక్ పెట్టెలు, సైలెన్సరులోని కన్వర్టరు పాడవుతాయి.

మా పరీక్షలో 1, 2 సిలిండర్ల వైర్లు తీస్తే ఇంజను పడిపోయింది. 3, 4 తీస్తే పెద్ద తేడా లేదు. ప్లగ్గులను అటూ ఇటూ మార్చి పెట్టాము. జబ్బు ప్లగ్గులతో పాటు కదలలేదు, 3, 4 దగ్గరే ఉండిపోయింది. ప్లగ్గులు నిర్దోషులని తేలింది. వైర్లు మార్చి చూశాము, అవీ నిర్దోషులే. జబ్బు సామానుతో పాటు కదిలిందా, చోటుతో పాటు ఉండిపోయిందా అన్న ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే కొత్త ప్లగ్గుల డబ్బు మిగిలేది.

ఇక ప్లగ్గుల రంగు. ఆరోగ్యంగా మండే ప్లగ్గు మొన లేత ఇటుక రంగులోనో, కాఫీ పొడి రంగులోనో ఉంటుంది. ఎండు మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, లేదా గాలి ఎక్కువ. నల్లగా, జిడ్డుగా తడిసి ఉంటే ఇంజను ఆయిలు పైకి వస్తోంది. ఈ బండిలో 1, 2 ప్లగ్గులు నల్లగా ఉన్నాయి, 3, 4 తెల్లగా ఉన్నాయి.

అసలు విషయం ఇక్కడే బయటపడింది. నాలుగు సిలిండర్లూ ఒకే కార్బురేటరు నుంచి తాగుతున్నాయి. తప్పు కార్బురేటరుది అయితే నాలుగూ ఒకే రంగులో ఉండాలి. ఒకే బిందెలోంచి పోసిన పాలు రెండు గ్లాసుల్లో పలుచగా, రెండు గ్లాసుల్లో చిక్కగా ఉంటే తప్పు బిందెది కాదు, గ్లాసులది. కార్బురేటరు దాటిన తరువాతే ఎక్కడో 3, 4 సిలిండర్లకు మాత్రమే గాలి కలుస్తోంది. అది పలుచబడినందుకు ఎవరో మిక్శ్చరు స్క్రూ విప్పి పెట్రోలు పెంచారు. దానితో 1, 2 మసిబారాయి. కొత్త కార్బురేటరు వేసినా జబ్బు పోకపోవడం సహజమే.

ఈ ఇంజను తలకాయ కట్టుబడి తెలిసినవారికి మిగతాది తేలిక. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు వారసత్వంగా అంబాసిడర్‌కు వచ్చిన ఈ ఇంజనులో మిశ్రమం లోపలికి పోయే దారులు నాలుగు కావు, రెండే. ఒకటి 1, 2 సిలిండర్లకు కలిపి, రెండవది 3, 4 సిలిండర్లకు కలిపి. కనుక ఒక జత మొత్తం పలుచబడిందంటే ఆ జత దారి తలకాయకు అతుక్కునే చోట గాలి లాగుతోందని అనుమానించాలి. సబ్బు నీళ్లు కలిపి ఆ అతుకు మీద కొద్దికొద్దిగా పోశాము. వెనక అతుకు దగ్గర నీళ్లు పడగానే ఇంజను శబ్దం మారింది, నురగ లోపలికి పీల్చుకుపోయింది. మానిఫోల్డు నట్టు ఒకటి వేలితో తిరిగేంత వదులుగా ఉంది. దాని కింద ప్యాకింగు మాడి చిరిగిపోయింది. ఈ ఇంజనులో గాలి పోయే మానిఫోల్డు, పొగ వచ్చే మానిఫోల్డు రెండూ ఒకే ప్యాకింగు మీద పక్కపక్కనే కూర్చుంటాయి. వేడికి సాగి, చల్లారి కుదించుకుని నట్లు వదులవుతూనే ఉంటాయి. ఏడాదికొకసారి, చల్లగా ఉన్నప్పుడు, వాటిని ఒకసారి పట్టి చూసుకోవాలి.

కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. దయచేసి అలా చేయవద్దు. పక్కనే ఎర్రగా కాలే పొగ గొట్టం ఉంటుంది. సబ్బు నీళ్లు చాలు. లేదా రెండడుగుల రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని రెండో కొన అతుకుల వెంబడి తిప్పితే, గాలి లాగే చోట బుస్సుమని వినిపిస్తుంది.

ప్యాకింగు మార్చి, నట్లు బిగించి, మిక్శ్చరు స్క్రూ మళ్లీ సర్దాము. కొత్త కార్బురేటరు ధర ముందు ఆ ప్యాకింగు ధర చెప్పుకోదగ్గది కాదు. బండి స్లోలో నిలిచింది. బానెట్టు మీద గ్లాసుతో నీళ్లు పెడితే తొణకలేదు. అందరం టీ తాగి రాజమహేంద్రవరం వచ్చేశాము.

ఆ రాత్రి

పది రోజులు గడిచాయి. ఒక రాత్రి పదకొండు గంటల వేళ గాదరాడ వైపు ఒక సభ్యుని గేదె ఈనలేక బాధపడుతోందని ఫోను వచ్చింది. దూడ ముందు కాళ్లలో ఒకటి వెనక్కి మడుచుకుని ఉంది. డాక్టరు గారు వెంటనే బయలుదేరారు. సెల్ఫు కొట్టగానే బండి స్టార్టయింది, స్లో నిక్షేపంగా ఉంది. కొంత దూరం పోయాక బండి రెండు మూడు సార్లు కుదుపులిచ్చి, లాగడం మాని, ఆగిపోయింది. అయిదు నిమిషాలు ఆగి సెల్ఫు కొడితే స్టార్టయింది. మళ్లీ కొంత దూరం పోయి ఆగింది.

పాత జబ్బే తిరగబెట్టిందని డ్రైవరు అనుకున్నాడు. అలా అనుకోవడంలో అతని తప్పు లేదు. బండి ఆగితే స్లో స్క్రూ చూడమని చెప్పి వచ్చింది మేమే. టార్చిలైటు వెలుగులో అరగంట సేపు ఆ స్క్రూతోనే కుస్తీ పట్టాడు. చివరికి పాలు పోసే రైతు ఒకరు మోటారు సైకిలు తెచ్చి డాక్టరు గారిని ఎక్కించుకుపోయారు. గేదె దక్కింది. దూడ దక్కలేదు. ఇంకో గంట ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. ఆ ఇంటివారు మమ్మల్ని ఏమీ అనలేదు.

మరునాడు టాంకు దించాము. అడుగున తుప్పు పొడి, దాని మీద గరిటెడు నీరు. పెట్రోలు గొట్టంలోని ప్లాస్టిక్ ఫిల్టరు లోపల కాగితం బెల్లం పాకం రంగుకు తిరిగింది. ఇంజను ఆగినప్పుడు తుప్పు పొడి కిందికి జారుతుంది, కొంచెం పెట్రోలు పోతుంది, బండి స్టార్టవుతుంది. లాగుడు పెరగగానే పొడి మళ్లీ కాగితానికి అతుక్కుంటుంది. ఆ కుదుపులూ, అయిదు నిమిషాల విరామమూ దాని లక్షణాలే.

మా పొరపాటు ఇదీ. పది రోజుల ముందు కార్బురేటరు గిన్నె తెరిచినప్పుడు అందులో ఎర్రటి పొడి చూశాము. గుడ్డతో తుడిచి మూత పెట్టేశాము. ఆ పొడి ఎక్కడి నుంచి వచ్చిందని అడగలేదు. ఒక జబ్బు దొరికిందన్న సంతోషంలో రెండవది కళ్ల ముందే ఉన్నా పోల్చుకోలేదు.

స్లోలో ఆగడం వేరు, నడుస్తూ ఆగడం వేరు. నడుస్తూ ఆగే బండిని ఆగిన తీరును బట్టి పోల్చాలి. కుదుపులిచ్చి, దగ్గి, మెల్లగా ప్రాణం వదిలితే పెట్రోలు అందడం లేదు. స్విచ్చి కట్టేసినట్టు ఒక్కసారిగా పోతే కరెంటు అందడం లేదు. అలాంటప్పుడు కాయిలు, కండెన్సరు, పాయింట్లకు పోయే సన్నని వైరు చూడాలి. కాయిలు వేడెక్కితే చనిపోయి, చల్లారితే బతకడం కూడా ఉంది. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టరు మూత తీసి యాక్సిలరేటరు తొక్కితే, పంపు ఉన్న కార్బురేటరులో సన్నని పెట్రోలు ధార కనిపించాలి. కనిపించకపోతే గిన్నె ఖాళీ. చుట్ట, సిగరెట్టు, అగ్గిపుల్ల ఆ దరిదాపుల్లో ఉండరాదు.

టాంకు మూత కూడా మరచిపోకూడదు. పెట్రోలు తగ్గేకొద్దీ గాలి లోపలికి పోవడానికి మూతలో చిన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడితే టాంకు లోపల గాలి తగ్గి, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. బండి ఆగగానే మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్టే.

పెట్రోలు మారింది, బండి మారలేదు

ఆ తుప్పు అన్నాళ్లూ టాంకులో కదలకుండా ఉండి, ఇప్పుడే ఎందుకు కదిలింది? ఈ పాత ఇంజన్లు తయారైన రోజుల పెట్రోలు ఇప్పుడు బంకుల్లో లేదు. రెండు పెద్ద మార్పులు జరిగాయి.

మొదటిది, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. మనుషుల ఆరోగ్యానికి, ముఖ్యంగా పిల్లలకు, ఇది ఎంతో మేలు. అయితే సీసం పాత ఇంజన్లలో పొగ వాల్వు కూర్చునే అంచుకు పూతలా పనిచేసేది. ఆ పూత లేక, మెత్తని ఇనుప అంచులు ఉన్న పాత తలకాయల్లో వాల్వులు నెమ్మదిగా లోపలికి దిగబడతాయి. దిగబడేకొద్దీ టాపెట్ల సందు తగ్గుతుంది, ఒకనాటికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. చోకుతోనూ, ప్లగ్గుతోనూ మారని వణుకు ఒకే సిలిండరుది అయితే ఇది అనుమానించాలి. 1489 సి.సి. ఇంజనుకు టాపెట్ సందు 0.015 అంగుళం. సందు మాటిమాటికీ తగ్గిపోతుంటే తలకాయ విప్పి గట్టి అంచులు వేయించుకోవలసిందే. కంప్రెషన్ గేజీతో చూసినప్పుడు పక్కపక్కనున్న 2, 3 సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ ప్యాకింగు కాలిందని గుర్తు. ఒకటే పడిపోతే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూడాలి. రీడింగు లేచిందా, రింగులు అరిగాయి. లేవలేదా, వాల్వు కారుతోంది.

రెండవది ఇథనాల్. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులతో మొదలై 2025 నాటికి దేశమంతా పాకింది. చెరకు, బియ్యం నూకలు, మొక్కజొన్న నుంచి వచ్చే సరుకు కనుక రైతుగా మనకు దానితో తగాదా లేదు. బండి సంగతి మాత్రం వేరు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాలుకు 9 పాళ్లు చాలు. కనుక 20 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనం అదే గాలికి ఎక్కువ పరిమాణంలో కావాలి. ఇంజెక్షను కారులో పొగను పసిగట్టే సెన్సరు ఉండి ఆ లెక్క సరిచూసుకుంటుంది. కార్బురేటరుకు కళ్లు లేవు, జెట్టు రంధ్రం ఎంతో అంతే పోస్తుంది. మిశ్రమం కొంత పలుచబడుతుంది. స్లోలో అంచు మీద నిలిచి ఉన్న పాత ఇంజను ఈ కాస్తకే కిందపడుతుంది. సోలెక్స్ రకం కార్బురేటరులో మిక్శ్చరు స్క్రూ ఒక పావు నుంచి అర చుట్టు విప్పితే స్లో వరకు సర్దుకుంటుంది. లాగుడులో కూడా నీరసం ఉంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేయించాలి. ఎస్.యూ. రకంలో విడిగా స్లో జెట్టు ఉండదు, జెట్టు కిందనున్న నట్టు కిందికి తిప్పితే అన్ని వేగాల్లోనూ మిశ్రమం చిక్కబడుతుంది. అందులో పిస్టను పైకెత్తే చిన్న పిన్ను ఉంటుంది. స్లోలో దానిని కొద్దిగా ఎత్తి చూడండి. ఇంజను వెంటనే చచ్చిపోతే పలుచన. వేగం పెరిగి అలాగే ఉండిపోతే చిక్కన. ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరిపోయింది.

ఇథనాల్ పాత టాంకులో పేరుకున్న జిగురును, మడ్డిని కరిగించి వదులు చేస్తుంది. కోరుకొండ బండిలో తుప్పు కదలడానికి కారణం అదేనని మా అభిప్రాయం. పైగా అది గాలిలోని తేమను పీలుస్తుంది. మోయగలిగినంత నీరు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి టాంకు అడుగుకు చేరతాయి. టాంకు నుంచి గొట్టం లాగేది ఆ అడుగు నుంచే. మన గోదావరి జిల్లాల వానాకాలపు చెమ్మలో, సగం ఖాళీ టాంకుతో, నెలల తరబడి కదలని బండికి ఇది తప్పదు. వాడని బండిలో టాంకు నిండుగా ఉంచండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. పాత రకం రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం కూడా దీనికి తట్టుకోవు. మెత్తబడి, ఉబ్బి, పగుళ్లు పడతాయి. ఇథనాలుకు తట్టుకునే రకం గొట్టాలు అడిగి వేయించండి. పగిలిన గొట్టం గాలి లాగడం ఒక బాధ, వేడి ఇంజను మీద పెట్రోలు కారడం ఇంకా పెద్ద బాధ.

నిప్పురవ్వ సంగతి

వానాకాలంలో పొద్దున్నే మిస్సింగ్ కొట్టే బండికి సగం వైద్యం పొడి గుడ్డ. డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపలా బయటా తుడిస్తే చాలాసార్లు కుదురుతుంది. మూత లోపల పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్ల గీత ఉంటే అది తుడిస్తే పోదు. కరెంటు ఆ గీత వెంట పారిపోతుంది, మూత మార్చాలి. వైర్లను పరీక్షించాలంటే చీకటి పడ్డాక బానెట్టు ఎత్తి ఇంజను నడపండి. పగిలిన వైరు చుట్టూ మిణుగురుల్లా నీలి మెరుపులు కనిపిస్తాయి.

పాయింట్ల సందు 0.015 అంగుళం, ప్లగ్గు సందు 0.025 అంగుళం అన్నది ఈ ఇంజనుకు గుర్తుంచుకోదగ్గ లెక్క. పాయింటు మడమ అరిగేకొద్దీ సందు తగ్గి, టైమింగు వెనక్కిపోయి, ఇంజను వేడెక్కి, స్లో మందగిస్తుంది. కొత్త పాయింట్లు కొద్ది రోజుల్లోనే నల్లగా కాలిపోతే కండెన్సరు పోయినట్టు. డిస్ట్రిబ్యూటరుకు వచ్చే సన్నని వాక్యూం గొట్టం ఊడినా, దాని డయాఫ్రం చిరిగినా మళ్లీ దొంగగాలి కథే.

కాలుష్య ధ్రువపత్రం కోసం పొగ పరీక్ష చేయించినప్పుడు ఆ కాగితాన్ని కేవలం పోలీసులకు చూపించడానికి దాచకండి. అందులో స్లోలో వచ్చే కార్బన్ మోనాక్సైడు శాతం, మండకుండా వదిలిన హైడ్రోకార్బన్ల లెక్క ఉంటాయి. మొదటిది బాగా ఎక్కువగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. మొదటిది తక్కువగా, రెండవది మితిమీరి ఉంటే ఏదో సిలిండరు మండడం లేదు. రూపాయి అదనపు ఖర్చు లేని పరీక్ష ఇది.

ప్రసంగవశాత్తూ ఇంకొక మనవి. ద్రవ నత్రజని డబ్బా కారులో ఉన్నప్పుడు, బండి ఆగినా నడిచినా, అద్దాలు కొంత దించి ఉంచండి. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ఆ ద్రవం ఆవిరై మూసిన కారులో ప్రాణవాయువును తగ్గిస్తుంది. దానికి వాసన ఉండదు. అలాగే షెడ్డు తలుపులు మూసి లోపల ఇంజను నడిపి చూడవద్దు.

కోరుకొండ బండి ఇప్పటికీ ఆ సంఘంలోనే ఉంది. టాంకు కడిగించి, గొట్టాలు, పంపు డయాఫ్రం మార్చాము. టాంకుకూ పంపుకూ మధ్య కొత్త ఫిల్టరు వేసి ఇంకొకటి డాష్‌బోర్డు పెట్టెలో ఉంచాము. రాత్రి పిలుపులకు మాత్రం డాక్టరు గారు ఆ రైతు మోటారు సైకిలునే అడుగుతున్నారు. అడగవద్దని మేము చెప్పలేము.

బండి ఆగుతోందని మాకు రాసే సంఘాలు ఈ వివరాలు కూడా రాస్తే త్వరగా జవాబు ఇవ్వగలము. ఆగడం చల్లని ఇంజనుతోనా, వేడెక్కాకా. స్లోలోనా, నడుస్తూనా. దగ్గుతూ ఆగుతుందా, ఒక్కసారిగానా. చోకు లాగితే ఏమవుతుంది. ఎంతసేపటికి మళ్లీ స్టార్టవుతుంది. నాలుగు ప్లగ్గులూ వరుస క్రమంలో ఏ రంగులో ఉన్నాయి. ఇప్పటివరకు ఏమేమి మార్చారు, ఏ తేదీన మార్చారు. పాత సామాను పారేయకుండా ఒక సంచిలో ఉంచండి. కోరుకొండ సంఘం మార్చిన కాయిలు, పాత కార్బురేటరు రెండూ బాగానే ఉన్నాయి.